తన సమయాన్ని తానే లెక్కగట్టుకున్న ఖమర్ బీ గారు

1989 జూలై మూడో తేదీన జనగామ కార్యాలయంలో టైపిస్టుగా చేరిన శ్రీమతి ఖమర్ బీ గారు, మహబూబాబాద్‌లో సీనియర్ అసిస్టెంటుగా, భూపాలపల్లి పింఛన్ల విభాగంలో సూపరింటెండెంటుగా సేవలందించి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. సన్మాన వ్యాసాల్లో అందరూ కర్తవ్యనిష్ఠాగరిష్ఠులే. అందులో సగం ఉత్తమాట. జరిగింది చెప్పడమే ఆమెకు మర్యాద.

జనగామలో టైపు మిషను ముందు కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా ఆమె తల తిప్పేవారు కారు. మహబూబాబాద్‌లో కంప్యూటరు వచ్చింది. సీనియర్ అసిస్టెంటుగానే భూపాలపల్లికి బదిలీ అయ్యేనాటికి ఆ తెర మూలన ఆఫీసు వాట్సాప్ గ్రూపు మోగసాగింది.

ఒకనాడు, ఆగిపోయిన పింఛను కోసం వచ్చిన మోతీబాయి, ఎంత చెప్పినా ఖమర్ బీ గారి కళ్లు తెర మీదే ఉండడం చూసి కసిరింది.

"బిడ్డా, నేనీడున్న. నీ డబ్బాల లేను."

ఆ మాట సూటిగా తగిలింది. ఏ పనికి ఎంతసేపు పోతున్నదో చూపే సాఫ్ట్‌వేరును ఖమర్ బీ గారు తన కంప్యూటరులో తానే పెట్టించుకున్నారు. ఉద్యోగుల సంఘం కార్యదర్శి తిరుపతి మండిపడ్డారు.

"ఏంది ఖమర్ ఆపా, మన మీద కావలిని నువ్వే తెచ్చినవా?"

"నా సూపు యాడ వోతుందో నాకు తెలువద్దా తమ్మీ?"

తెలిసింది. దరఖాస్తుల కన్నా గ్రూపులో జవాబులకే ఎక్కువ సమయం పోతున్నది. ఉదయం పూట దాన్ని మూసేశారు. మోతీబాయి పింఛను కదిలింది.

అది చూసి అప్పటి అధికారి ఉత్సాహపడి, ఆ సాఫ్ట్‌వేరును అందరి కంప్యూటర్లలోనూ పెట్టి, వెనుకబడినవారికి మెమోలిస్తామన్నారు. ఖమర్ బీ గారి పదోన్నతి ఫైలు ఆయన సంతకం కోసం ఎదురుచూస్తున్న రోజులవి. అయినా ఆమె లేచి నిలబడ్డారు.

"పెట్టుండ్రి సార్. మొదలు మీ దాంట్ల పెట్టుండ్రి. నా పొద్దంతా తిన్న సందేశాలు మీరు పంపినయే."

మెమోల ముచ్చట అక్కడే ఆగింది. ఆయన బదిలీ అయ్యేదాకా ఫైలు మీద సంతకమూ పడలేదు. దాని గురించి ఆమె ఎవరి దగ్గరా ఏడ్వలేదు.

నిన్న ఆ సాఫ్ట్‌వేరును ఆమే తీసేశారు. "గిది నా కోసం పెట్టుకున్న. ఎనుకొచ్చేటోళ్ల మీద కావలి ఉంచి పోను" అన్నారు. భర్త మక్బూల్ గారు నవ్వి, "ఇంట్ల నా మీద పెట్టకుంటే సాలు" అన్నారు.

ఆ దంపతులు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలి. ఎదుట నిలిచిన మనిషి వైపు తిరిగిన ఖమర్ బీ గారి చూపు నిండు నూరేళ్లూ మసకబారకుండా ఉండాలి.