చివరి పలక బోర్లించేదాకా

1989వ సంవత్సరం ఆగస్టు ఇరవై ఒకటవ తేదీ, సోమవారం ఉదయం, పొదిలి సమీపంలోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో శ్రీమతి షేక్ జానీబీ గారు ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి నుండి, ఈ జూన్ ముప్పైన మా తంగెళ్లపాలెం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదవీ విరమణ చేయనున్న ఈనాటి వరకు సాగిన వారి సేవాయాత్రను, సహోద్యోగులమైన మేము గౌరవంతోను, గర్వంతోను, కొంత దిగులుతోను స్మరించుకుంటున్నాము. అభినందన సంచికలో దిగులు మాట ఎత్తకూడదంటారు. ఉన్నదాన్ని లేదని రాస్తే లెక్కల టీచరైన జానీబీ గారు ఎర్రసిరాతో సున్నా చుడతారు కనుక మొదటే చెప్పేశాము.

ఆ తొలి పాఠశాలలో గది ఒకటే, నల్లబల్ల ఒకటే, తరగతులు మాత్రం ఐదు. రెండవ తరగతికి ఎక్కాలు చెప్పించే వేళకు, తమ లెక్కలు ముందే ముగించుకున్న నాలుగవ తరగతి పిల్లలు పక్కవాళ్ల జడలు స్తంభానికి కట్టే పనిలో ఉండేవారు. మనలో చాలామందికి అటువంటప్పుడు బెత్తం గుర్తుకు వస్తుంది. జానీబీ గారు మాత్రం ఆ చేతులు అల్లరికి దిగింది పని లేకనేననీ, ఆ బుద్ధులకు సరిపడినంత మేత పుస్తకంలో దొరకడం లేదనీ గ్రహించి, "బడి నీడ బడి ఎత్తుతో సమానంగా ఉండేది పొద్దున ఎప్పుడు, సాయంత్రం ఎప్పుడు? కనుక్కురండి" అని వారిని బయటికి పంపారు. రోజంతా కర్ర పుచ్చుకొని ఎండలో తిరిగిన ఆ పిల్లలు సాయంత్రానికి జవాబుతో పాటు మరి రెండు ప్రశ్నలను కూడా వెంటబెట్టుకొని వచ్చారట. ప్రతిభావంతులైన విద్యార్థులకు ప్రత్యేక బోధన అనే పెద్ద మాట మన జిల్లాలో వినబడక మునుపే, గది కాస్త నిశ్శబ్దంగా ఉండడానికి పుట్టిన ఈ చిన్న ఉపాయమే తరువాతి కాలంలో వారి జీవితకృషి అయింది.

2009లో గణిత స్కూల్ అసిస్టెంటుగా పదోన్నతి పొంది వారు మా పాఠశాలకు విచ్చేశారు. మరుసటి సంవత్సరం జిల్లాలో ప్రయోగాత్మకంగా మంజూరైన ప్రతిభా వికాస కేంద్రాలలో ఒకటి మా ఊరికి దక్కడం, ప్రతి శనివారం సాయంత్రం దానిని నడిపే బాధ్యత వారిపై పడడం ఒకేసారి జరిగాయి. కేంద్రానికి ఒక బోర్డు, ఒక పెట్టెడు పుస్తకాలు, కొన్ని ప్రయోగ పరికరాలు, పిల్లలకు చిరుతిండి వచ్చాయి. ఎంపికకు ఒక పరీక్ష కూడా వచ్చింది: అర్ధగంటలో ముప్పై ప్రశ్నలు. ఊపిరి పీల్చుకోవడానికి వ్యవధి ఇవ్వని పరీక్ష ప్రతిభను ఎట్లా కొలుస్తుందో దానిని తయారుచేసినవారికే తెలియాలి.

ఆ పరీక్షలో ఏడవ తరగతి అయూబ్ గుక్క తిప్పుకోకుండా ముప్పై ప్రశ్నలూ ముగించి మొదటి స్థానంలో నిలిచాడు. అదే తరగతిలోని కోటేశ్వరి అర్ధగంటా ఒకే ప్రశ్న దగ్గర కూర్చుండిపోయింది. ఆ ఒక్క ప్రశ్నకు ఆ పిల్ల కాగితం వెనుక మూడు దారులు గీసి ఉండడం చూసి, మార్కులను పక్కనపెట్టి, జానీబీ గారు ఆమెను చేర్చుకున్నారు. మిరప రైతు అయిన తండ్రి అంకమ్మరావు గారికి ఇది అర్థం కాలేదు. "మా పిల్ల మొద్దు మేడమ్. అన్నం తినమన్నా ఆలోచించే తింటది. దీన్నెందుకు తీసుకున్నారు?" అని ఆయన బడి గేటు దగ్గరే గట్టిగా అడిగారు. "ఆలోచిస్తది కాబట్టేనండి" అన్నారు జానీబీ గారు.

శనివారం తరగతికి వారు ఒక ఆచారం పెట్టారు. ప్రతి ఒక్కరి చేతిలో పలక ఉండాలి. జవాబు దొరికినవారు పలకను బోర్లించి మౌనంగా కూర్చోవాలి. చివరి పలక బోర్లించేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. ఒకరి నోట జవాబు వినబడిన మరుక్షణం మిగిలినవారి ఆలోచన ఆగిపోతుందనేది వారి అనుభవం. అయూబ్ వంటివారికి ఈ నియమం పెద్ద శిక్ష. మొదట్లో జవాబు ఆపుకోలేక రెండు చేతులతో నోరు మూసుకొని కూర్చునేవాడు. నెల తిరిగేసరికి, ఆ ఖాళీ సమయంలో అదే లెక్కకు ఇంకో దారి వెతకడం వాడికి అలవాటైంది.

2011 ఫిబ్రవరిలో, కేంద్రాన్ని కొనసాగించాలా, ఎత్తివేయాలా అన్నది తేల్చడానికి ఒక అధికారి వచ్చారు. ఆ రోజు తరగతికి ఎదురుగా కుర్చీ వేయించుకొని ఆయన ఒక లెక్క ఇచ్చారు: "ఒక చేనులో మిరపకాయల్ని ఐదుగురు కూలీలు ఆరు రోజుల్లో కోస్తే, పదిమంది ఎన్ని రోజుల్లో కోస్తారు?"

ప్రశ్న పూర్తికాకముందే అయూబ్ పలక బోర్లించాడు. వాడి వెనుకనే, ఒక్కటి తప్ప, పలకలన్నీ వరుసగా బోర్లపడ్డాయి. పిల్లలు అధికారి గారి వైపు హాయిగా చూస్తూ కూర్చున్నారు. తక్కిన బడులలో పలక బోర్లించడమంటే లెక్క రాలేదని అర్థం. ఆయనా అట్లాగే అర్థం చేసుకున్నారు.

"ఎవ్వరికీ రాలేదా? ఇదేనా మీ ప్రతిభ?"

ప్రధానోపాధ్యాయులు బాపయ్య గారు చెమట తుడుచుకుంటూ, "సార్, ఇక్కడ ఒక పద్ధతి ఉందండి..." అని ఏదో చెప్పబోయారు.

"లెక్క రాకపోవడం కూడా పద్ధతేనా బాపయ్య గారూ?"

కోటేశ్వరి పలక ఒక్కటే ఇంకా ఒళ్లో వెల్లకిలా ఉంది. బలపం కదలడం లేదు. చుట్టూ ఏం జరుగుతున్నదో ఆ పిల్లకు తెలియనే తెలియదు. అయూబ్ కళ్లతోనే అనుమతి అడుగుతున్నాడు. బాపయ్య గారు దగ్గరికి వచ్చి, "ఒక్కడి చేత చెప్పించమ్మా, పోయేదేముంది?" అని గొంతు తగ్గించి బతిమాలారు. ఒక్క పేరు పిలిస్తే కేంద్రం నిలుస్తుందని జానీబీ గారికి తెలుసు. ఆ పుస్తకాలూ, పరికరాలూ, పిల్లల చిరుతిండీ అన్నీ తన నాలుక చివరి మాట మీద ఆధారపడి ఉన్నాయని తెలుసు. అయినా అయూబ్ వైపు చూసి వద్దన్నట్లు తల ఊపారు.

"ఇంకొక్కరు ఆలోచిస్తున్నారండి. కాస్త ఆగండి."

"ఒక్కరి కోసం ఇంతమందిని ఆపుతారా?"

"ఆపుతామండి. ఈ క్లాసు అందుకే పెట్టుకున్నాం."

ఆయన గడియారం చూసుకొని లేచారు. జీపు గేటు దాటిన తరువాత కోటేశ్వరి తల ఎత్తి, పలక బోర్లించి, "ఆరు, మేడమ్" అన్నది.

జవాబు మూడు. అంత ఖరీదు పెట్టి కాచుకున్న జవాబు తప్పయింది. బాపయ్య గారు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. జానీబీ గారు మాత్రం కింద కూర్చొని, "పదిమంది వచ్చినా ఆరు రోజులే ఎందుకమ్మా?" అని అడిగారు.

"ఆరో రోజు పండే కాయ మూడో రోజుకి పచ్చిగానే ఉంటది గదా మేడమ్. మనుషులు ఎక్కువొస్తే కాయ తొందరగా పండదుగా."

జవాబు తప్పనే వారు చెప్పారు. కాయలన్నీ ఒకేసారి పండి ఉన్నాయని మనం అనుకునేట్లు ఆ లెక్క చేసిందనీ, పైకి చెప్పకుండా ప్రతి లెక్కా ఇటువంటి షరతులు కొన్ని పెడుతుందనీ, వాటిని పట్టుకోవడం జవాబు రాబట్టడం కన్నా కష్టమైన పని అనీ కూడా చెప్పారు. ఆ తరువాతి కొన్ని శనివారాలు పిల్లలందరూ తమ పాఠ్యపుస్తకంలోని లెక్కలలో ఇట్లా చెప్పని షరతులు వెతుకుతూ గడిపారు.

మార్చిలో ఉత్తర్వు వచ్చింది. కేంద్రం రద్దయింది. బోర్డు దింపారు, పుస్తకాల పెట్టె తీసుకుపోయారు. జానీబీ గారు ఆ సాయంత్రం స్టాఫ్ రూములో అందరి ఎదుటే ఏడ్చారు. ఇంటికి వెళ్లాక భర్త గఫూర్ గారు, "ఆ పిల్లాడి చేత ఒక్క మాట చెప్పిస్తే సరిపోయేదిగా" అంటే, "సరిపోయేది. కోటేశ్వరి మళ్లీ పలక పట్టేది కాదు" అన్నారట.

తన కూతురి వల్లనే ఊరికి తరగతి పోయిందన్న మాట విని అంకమ్మరావు గారు మరునాడే బడికి వచ్చారు. "రేపట్నించి మా పిల్ల రాదు మేడమ్. దానివల్ల ఇంతమందికి నష్టం. నలుగురిలో తల ఎత్తుకోలేకపోతున్నా."

"క్లాసు ఎక్కడికీ పోలేదండి. బోర్డు పోయింది, అంతే. శనివారం పంపండి."

"మరి పిల్లలకి తిండీ అదీ?"

"నేను చూసుకుంటాను."

ఆయన వెళ్లబోతూ ఆగి, "కోతల రోజుల్లో పిల్లలు బడికి రారు గదా. మా కల్లంలో పెట్టుకోండయితే" అన్నారు. అట్లా ప్రతి యేడూ మిరపకోతల కాలంలో శనివారం తరగతి కల్లాలకు తరలింది. ఎండుతున్న కాయల ఘాటుకు పలకలు పట్టుకున్నవారూ, పాఠం చెప్పేవారూ కలిసి తుమ్మేవారు. తుమ్ముకు మాత్రం మౌనవ్రతం నుండి మినహాయింపు ఉండేది.

2017లో జానీబీ గారు మార్టూరుకు బదిలీ అయ్యారు. ఆ తరగతి అంతటితో ముగిసిందని మేమంతా అనుకున్నాము. మొదటి శనివారమే, వేరుశనగ ఉండల డబ్బా చంకన పెట్టుకొని జానీబీ గారు మా ఊరి బస్సు దిగారు. 2023లో బదిలీపై తిరిగి ఇక్కడికి వచ్చేదాకా ఆ రాకపోకలు అట్లాగే సాగాయి. ఆనవాయితీ ప్రకారం శిష్యుల ర్యాంకుల పట్టిక ఈ సంచికకు ఇవ్వమని కోరితే, "ర్యాంకులు వాళ్లవి కదండీ. వాళ్లు అడిగిన ప్రశ్నలైతే నాకు గుర్తున్నాయి, రాసుకుంటారా?" అన్నారు. అయూబ్ నేడు మార్టూరులో గ్రానైట్ పలకల వ్యాపారంలో ఉన్నాడనీ, రాయిని ఎట్లా కోస్తే తక్కువ వృథా అవుతుందో ఇప్పటికీ జానీబీ గారికి ఫోన్ చేసి చర్చిస్తాడనీ మాత్రం చెప్పగలం.

ఇంటి సహకారం లేనిదే ఇటువంటి శనివారాలు సాధ్యం కావు. "సాయంత్రం ఏం వండుదామంటే, తొందరలేదు, అందరూ ఆలోచించుకోండి అంటది. చివరికి నేనే వండుతా" అని గఫూర్ గారు మాతో నవ్వుతూ చెప్పుకున్నారు. ఆ వేరుశనగ ఉండలు చుట్టడంలో చిన్ననాటి నుండి చెయ్యి వేసిన కుమార్తె నజ్మీన్‌కు కూడా మా పాఠశాల రుణపడి ఉంది.

గత అక్టోబరులో గణిత ఉపాధ్యాయినిగా ఎంపికైన కోటేశ్వరి గారు, కౌన్సెలింగులో పట్టణానికి దగ్గరి స్థానాలు ఖాళీగా ఉన్నప్పటికీ, మా పాఠశాలనే కోరుకొని వచ్చారు. శనివారం తరగతి ఇక వారిది. పదిహేనేళ్ల కిందట ఆ ఒక్క మాట చెప్పించకపోవడం సరైనదేనా అని ఇంకా ఎవరికైనా సందేహముంటే, ఈ నెల ఇరవయ్యవ తేదీన జరిగినది వినాలి.

ఆ శనివారం ఈ సంచిక కోసం ఫోటోగ్రాఫరును పిలిపించాము. మైదానంలో కుర్చీలు వేసుకొని, ఇస్త్రీ బట్టలతో మేమంతా వరుసగా కూర్చున్నాము. మధ్య కుర్చీ ఒక్కటే ఖాళీ. జానీబీ గారు తరగతి గదిలో పిల్లల మధ్య నేలమీద కూర్చొని, ఒళ్లో పలక పెట్టుకొని ఉన్నారు. ఏడవ తరగతి అర్ఫా వారికోసమే ఒక ప్రశ్న తయారుచేసి తెచ్చింది: "మార్కెట్ యార్డుకు పోయే మిరపకాయల గోతాంలో ఎన్ని కాయలుంటాయో లెక్కపెట్టకుండా, తూకం వెయ్యకుండా చెప్పాలి మేడమ్." పిల్లల పలకలన్నీ బోర్లపడ్డాయి. వారి పలక ఒక్కటే మిగిలింది. ఆ ప్రశ్నకు వారు ఎన్ని దారులు వెతుకుతున్నారో మాకు తెలియదు. పిల్లలు ఒక్కరూ కదలలేదు.

ఫోటోగ్రాఫరు వచ్చి, "మేడమ్, ఎండ పోతంది, బయట అందరూ చూస్తన్నారు" అని కేక వేశాడు. గుమ్మంలో నిలబడి ఉన్న కోటేశ్వరి గారు వెనుదిరిగి, మెల్లగా అన్నారు.

"ఇంకొక్కరు ఆలోచిస్తున్నారండి. కాస్త ఆగండి."

జానీబీ గారు తల ఎత్తారు. కళ్లు తుడుచుకున్నారు. మళ్లీ పలకలోకి చూశారు. ఈ సంచిక తొలి పుటలోని ఫోటోలో మా ముఖాలు మసకగా ఉండడానికి కారణం అదే, ముద్రాపకుల తప్పు ఏమీ లేదు.

జానీబీ గారూ, ఆయురారోగ్యాలతో, గఫూర్ గారి చేతివంట తింటూ, మీరు నూరేళ్లు హాయిగా ఆలోచించండి. మీ పలక బోర్లించడానికి తొందరేమీ లేదు. మేమంతా ఆగుతాము.