తీగ మీది పాలపిట్ట

దసరా నాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచిదని, భోపాల్‌పట్నం పక్క చేనుగట్టు మీద ఒక ముసలి జంట పొద్దున్నే నిలబడి ఉంది.

"అగో, కరెంటు తీగ మీద పాలపిట్ట! చూసినవానే? ఇంక నా కండ్లకు ఆపరేషన్ అనకు."

"మంచిగ కనపడ్డదా?"

"నీలం రెక్కలు మెరుస్తున్నయి. మొక్కిన గూడ."

"అది టార్పాలిన్ పీలికయ్యా. గాలికొచ్చి తీగకు చిక్కింది."

"అయితే ఈయేడు పిట్ట రాలేదంటవా?"

"వానలు పోయినంక రాకెట్లుంటది? ఇప్పటిదాక ఆ తుమ్మకొమ్మ మీదనే కూసుంది. నువ్వు దానికి వీపు తిప్పి తీగకు మొక్కినవ్."

"ఎగిరిపాయెనా? నువ్వన్న మొక్కినవా?"

"మొక్కిన. రేపు జగదల్‌పూర్ దవాఖానకు పోతున్నం."

"నేను ఒప్పుకోకముందే? ఏమని మొక్కినవే?"

"వచ్చే దసరాకు నువ్వే ముందుగాల చూసి, నాకు చూపియ్యాలెనని."