ఎముకలు ఏరేసిన చెయ్యి

"పెద్దనాయనా, రోజూ పొద్దన్నే పిల్లులకు కోడి మెడలు ఎముకతో గూడా వేస్తావు, రోంత మెత్తని కండ వేస్తే నీ సొమ్మేం పోతాది?" అంటివి గదా రెడ్డెమ్మా. కూర్చో, చెప్తా. ఆ పుదీనా కట్ట ఇట్లియ్యి. చెయ్యి ఊరికే ఉంటే నాకు నోరు సాగదు.

ఈ కువైట్‌లో, ఈ జాబ్రియా ఇంట్లో నేను గరిటె పట్టి ముప్పై ఎనిమిదేండ్లు. కాదు, నలభై. నా మచ్బూస్, వీళ్ళ మాంసం అన్నం, తినని కువైటీ ఈ వీధిలో లేడు. ఒక పెండ్లికి వెయ్యిమందికి ఒక్కణ్ణే వండినా. ఏం, పోయినసారి ఐదొందలన్నానా? ఐదొందలు మగోళ్ళు, ఆడోళ్ళను నువ్వు లెక్కెయ్యలేదు!

మన బాబాకు, ఈ ఇంటి యజమానికి, బయటి కూడు పడదు. కెన్యాకు జంతువుల్ని చూసేదానికి పోతే గిన్నెలతో సహా నన్నూ ఎత్తుకపోయినాడు. మూడు చలికాలాలు పోయినా. రాయచోటి పక్క గుట్టల్లో గొర్రెలు మేపినోణ్ణి, విమానమెక్కి సింహాలు చూసేదానికి పోతి! మా నాయన ఉండింటే నమ్మడు. ఆయన కడపకు పోయొస్తేనే వారం రోజులు చెప్పేవాడు.

ఆడ జోసెఫ్ అని గైడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు. జీపు తోలుతానే, అర మైలు దూరంలో గడ్డిలో చెవి ఆడితే చెప్తాడు. ఒక్కోసారి బండి ఆపేసి ఊరికే కూర్చుంటాడు. "ఏమీ లేదు గదా జోసెఫ్" అంటే, "ఏమీ లేని చోటు యాడుంది రామాంజీ, చెవి పెట్టు" అంటాడు. మాకిద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతే. అయినా ఆయప్ప మాట నాకెప్పుడూ అర్థం కాకుండా పోలా.

ఒకరోజు తెల్లగా సున్నం ఉండల మాదిరి ఏందో ఏరి అరచేతిలో పెట్టినాడు. "హైనా పేడ. ఎముకలు నమిలితే ఇట్ల తెల్లగా వస్తాది. ఈడ ఎవురూ కండ ఒక్కటే తినరు రామాంజీ" అన్నాడు. థూ అని చెయ్యి కడుక్కుంటి. మాట గూడా దాంతోపాటే కడిగేసినా, అదీ నా కర్మ.

ఇంగోరోజు చీతాను చూపిచ్చినాడు. మన చిరుతపులి గాదు మే, ఇది వేరే. కంటి కాడినుంచి నోటిదాకా నల్లచార, ఏడ్చి ఏడ్చి ఆరిపోయినట్ల. మూడు పిల్లల తల్లి. అది గర్జించదు, పిట్ట మాదిరి కూస్తాది! నేను చెట్టుమీద పిట్ట కోసరం ఎతుకుతాండా. పిల్లలు ఆ కూతకు గడ్డిలోనుంచి ఉరికొచ్చినాయి. జోసెఫ్ కండ్లు తుడుచుకున్నాడు. "ఇరవై ఏండ్లాయె చూడబట్టి, ఇంగా ఇంతే నాకు" అన్నాడు.

ఆ మధ్యాన్నమే గదా, సింహం నా గుడారం కాడికొస్తే గరిటెతో దాని ముక్కుమీద నేను ఒకటి పీకింది. నవ్వు, నవ్వు.

నేను చెప్పొచ్చేది అది గాదు.

మూడేండ్ల కిందట, నువ్వు ఈ ఇంట్లో పనికి రాకముందు, బాబా చిన్నకొడుకు అట్టపెట్టెలో ఒక పిల్లను తెచ్చినాడు. చీతా పిల్ల. యాడనుంచో దొంగతనంగా వచ్చింది. దివానియాలో, అదే మగోళ్ళు కూడి మాట్లాడుకునే గదిలో, ఇరవైమంది చుట్టూ చేరినారు. బాబా నాపక్క చూసి, "దీన్ని సాకడం నీకు తెలుసా రామా?" అన్నాడు.

తెలీదు అనల్లంటే ఒక్క మాట. నాకు నోరు రాలా. "నాకు తెలీనిదేముంది బాబా, ఆఫ్రికాలో గైడు పని చేసినోణ్ణి" అంటి. చూసి రాను పోతే గైడంట! జోసెఫ్ నంబరు నా ఫోన్లోనే ఉంది. చేయలా. చేస్తే, దీన్ని తల్లి కాడనుంచి ఎవురు పీకినారు అని అడుగుతాడు గదా. అదొక భయం. నాకు తెలీదని తెలిసిపోతాది, అదొక సిగ్గు.

దానికి కోడిమాంసం పెడ్తాంటి. నేనెట్ల పెట్టినానో తెలుసా? పుల్లంత ఎముక గూడా లేకుండా, ఏలితో తడిమి తడిమి, గొంతులో ఇరుక్కుంటాదని ఏరి ఏరి. మా అమ్మ మాకు చేప ముండ్లు అట్ల ఏరి పెట్టేది. నా కూతురికి నేను ఒక్క ముద్దన్నా అట్ల పెట్టలేదు, అది పెరిగేటప్పుడు నేను ఈడ ఉంటి. ఆ ఏరడమంతా దీనికి ఏరినా రెడ్డెమ్మా. అది నా ఏళ్ళు నాకి, పిట్ట మాదిరి కూస్తాండె.

నాలుగు నెల్లకు ముందుకాళ్ళు వంగినాయి. పెరిగే కాళ్ళు అట్లే ఉంటాయిలే అని అందరికీ చెప్తి. ఒకరోజు సోఫా మీదనుంచి దిగబోయి కాలు ఎండుపుల్ల మాదిరి టక్కున...

అప్పుడు చేసినా జోసెఫ్‌కు. "మా స్నేహితుని ఇంట్లో" అని మొదలుపెడితి. ఆయప్ప అంతా విని ఒకటే అడిగినాడు. "ఎముకలు పెడతాండారా?"

నేను ఇదే వంటింట్లో నిలబడుకోనుండా. నా చేతిలో ఏరేసిన ఎముకల గిన్నె.

"కండ ఒక్కటే" అంటి. "నీకు చూపిచ్చినా గదా రామాంజీ, తెల్లది" అన్నాడు. ఆ ఇల్లు ఎవురిదో ఆయప్పకు తెలిసిపోయింది. తిట్టలా. తిట్టింటే బాగుండు.

నేరుగా దివానియాలోకి పోయినా. "నాకు తెలీదు బాబా. నేను గైడు గాదు, వంటోణ్ణి. దాన్ని డాక్టరు కాడికి పంపియ్యి" అంటి. ఇంట్లో పెట్టుకోగూడని జంతువు, బయట తెలిస్తే జరిమానా అని అన్నాళ్ళూ దాచినారు. అయినా బాబా ఆపొద్దే బండి తీయించినాడు. డాక్టరమ్మ ఎముకల ఫొటో ఎత్తి చూపిచ్చింది. ఒళ్ళంతా ఎముకలు నీడ మాదిరి ఉండాయి. ఆలస్యమైంది అనింది. పదకొండు రోజులు. సూదులేసినారు, ఏమేమో చేసినారు. ఖలాస్.

కడా రోజు అది కూస్తానే ఉంది. తల్లిని పిలుస్తాంది. నాకా కూత రాదు. కోడికూత, కోతికూత అన్నీ వచ్చంటాను గదా, అదొక్కటి రాలా. మళ్ళా జోసెఫ్‌కే చేసినా. "దాని చెవి కాడ ఫోను పెట్టు" అన్నాడు. ఆడ కెన్యాలో కూర్చోని ఆ మనిషి తల్లి మాదిరి కూసినాడు. మే, అది తల ఎత్తింది. మూడు రోజులుగా ఎత్తని తల. ఫోను పక్క చూసి బదులు కూసింది. తర్వాత నా పాదం మీద తల పెట్టుకొని...

ఈ మాటలో ఎక్కువ తక్కువ లేదు, కావాలంటే తక్కువే చెప్పింటా. ఆ సింహం సంగతి అబద్ధం. దుప్పటి కప్పుకోని ఆంజనేయస్వామిని తలుచుకుంటాంటి. గరిటె చేతిలోనుంచి పడిన సద్దుకు నేనే అరిస్తి.

ఇదిగో, నీ మాట చెప్పు. రేపట్నుంచి మన ఇంటామె, మామా వాళ్ళ ముసలామెకు చక్కెర జబ్బు సూది నువ్వే వెయ్యల్లన్నారంట గదా. "నాకొస్తాది" అన్నావంట. వస్తాదా? నా కండ్లలోకి చూసి చెప్పు. ఎన్నిసార్లు వేసినావు?

తల దించుకోవద్దు తల్లీ. పోయి రాదని చెప్పు, ఇప్పుడే. నేర్పిస్తారు. రోంత అరిస్తే అరుస్తాది మామా, అరుపుతో ఎవురూ సచ్చిపోరు. చల్లగుండు. నీ చెయ్యి చల్లగుండల్ల, ఆ చేతి కింద ఉండేటోళ్ళూ చల్లగుండల్ల...

అదేంది? ఏసీ మీద పిట్ట గదా? పిట్టేనా, పోతాపోతా రోంత చూసి చెప్పు...