పదికి తొమ్మిది పాయింట్ ఎనిమిది

మొదటి సెమిస్టర్ అయ్యేసరికి నా చేతిలో ఉన్నది పదికి నాలుగు పాయింట్ రెండు. నవ్వకు స్పానరూ, నువ్వు పక్క షెడ్డులో బండి విప్పితే నాలుగు మరలు మిగిలిపోతాయని నేనెవరికైనా చెప్పానా? నాకు కావలసిన స్టాటిస్టిక్స్ పక్క ఊరి కాలేజీలో ఉంది. అక్కడికి మారాలంటే రెండు సెమిస్టర్ల సగటు ఏడుండాలి. లేకపోతే ఇక్కడే, నాకు పడని ఈ కెమిస్ట్రీతోనే కాపురం. మరి రెండోదాంట్లో ఎంత రావాలి? కాగితం అక్కర్లేదు, తొమ్మిది పాయింట్ ఎనిమిది!

"వచ్చిందా?" అన్నాడు టీకొట్టు బాబాయ్, గ్లాసు అందిస్తూ.

రాక ఎక్కడికి పోతుంది బాబాయ్! ముందు చిన్న పనే చేశా. వెనక బెంచీ వదిలి ముందు బెంచీకి వచ్చా. తర్వాత కెమిస్ట్రీ సారు గదికెళ్ళా. రోజూ సాయంత్రం డౌట్లు చెప్పడానికే తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంటారాయన, ఈగలు తప్ప ఎవరూ వెళ్ళరు. ఒక్కటంటే ఒక్క డౌట్ అడిగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సారు బోర్డు నిండా రాశారు, చాల్లేదు. గోడల మీద రాశారు, చాల్లేదు. వరండా పొడుగునా రాసుకుంటూ మెట్లు దిగి గేటు దాకా పోతే, వాచ్‌మన్ లేచి సమీకరణానికి గేటు తీశాడు!

"అంతా ఒక్క సుద్దముక్కతోనే?" అన్నాడు స్పానర్.

ఒక్కటేరా, అదే విచిత్రం! చివరికి సారు చెమట తుడుచుకుని, "మిగతాది నువ్వే చెప్పు బాబూ" అన్నారు. చెప్పా. మర్నాటి నుంచి ఆయన నా పక్కనే బెంచీలో కూర్చుని నోట్సు రాసుకుంటున్నారు.

ఇక పరీక్ష చూడాలి. అడిషనల్ షీట్లు మా కాలేజీలో అయిపోయాయి, ఊళ్ళో అయిపోయాయి. కట్టడానికి దారం చాలక ప్రిన్సిపాల్ గారు తన స్వెటర్ విప్పి పోగులు తీసిచ్చారు. పదికి పదకొండొస్తే కంప్యూటర్ పొగలు కక్కింది. ఆయన ఫోన్ చేసి బతిమాలితే, పోనీలే పెద్దాయన అని నేనే తగ్గి తొమ్మిది పాయింట్ ఎనిమిదికి ఒప్పుకున్నా. అవతలి కాలేజీవాళ్ళయితే, "మీరు రావడమెందుకండీ, మేమే వస్తాం" అని బిల్డింగుని లారీలకెక్కిస్తున్నారు...

"ఒరేయ్," అంది మా పెద్దమ్మ కూతురు. మా కాలేజీలోనే నాకు ఏడాది పైన. ఇందాకటి నుంచి టీలో బిస్కెట్ ముంచుకుంటూ అన్నీ వింటోంది. "రెండో సెమిస్టర్ పరీక్షలు వచ్చే సోమవారం కదట్రా మొదలు?"

స్పానర్ నోట్లో టీ నా చొక్కా మీద పడింది. బాబాయ్ అటు తిరిగి నిలబడ్డాడు గానీ, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అయితే ఏంటక్కా? లెక్కంతా తేలిపోయింది. రాయడం ఒక్కటే మిగిలింది."

"సారు గదికైనా వెళ్ళావా?"

"తలుపు దాకా."

"ఇంకో అరగంట ఉంటారు."

"వెళ్ళి ఏం అడగను?"

"తెలియనిది అడుగు."

"అది చాలా ఉందక్కా!"

"అయితే మొదటి పాఠం నుంచి మొదలెట్టు."

గ్లాసు కింద పెట్టి, తడి చొక్కా సర్దుకుని లేచా.

కాళ్ళు తియ్యరా స్పానరూ, దారికడ్డం. సారు తలుపు కొట్టే పనుంది నాకు.