ఎదురు బరువు

పెనుగొండలో మోటారు సైకిళ్ళు బాగుచేసే రాజరత్నం షెడ్డు. రెండు ఇనప పట్టాల మీద బండి ఇంజన్లోంచి తీసిన క్రాంకు అడ్డంగా పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద అతని భార్య పాపాయి.

“డ్రిల్లు బిట్టు ఏదే, పాపాయీ?”

“ఏ బిట్టండీ?”

“ఏ బిట్టేంటి! ఇందాక కన్నం పెట్టింది. టీ తాగొచ్చేసరికి రెక్కలొచ్చాయా దానికి?”

“ముందు అన్నం తినండి. పప్పుచారు చల్లారిపోతోంది.”

“కరెంటు పోయాక నీ పప్పుచారు కన్నం పెడుతుందా? రేపు సుమంత్‌కి బండి ఇవ్వాలి.”

“ఒక కన్నం పెట్టారు కదా.”

“చాల్లేదు. ఆ కుర్రాడు ఢిల్లీ నుంచి తెప్పించిన పిస్టన్ పాతదానికన్నా బాగా తేలిక. ఇటు తగ్గితే అటు క్రాంకుకున్న ఎదురు బరువూ కన్నం పెట్టి తగ్గించాలి. లేకపోతే రోడ్డెక్కగానే బండి ఒకటే వణుకు.”

“తగ్గించారుగా.”

“చూడు. పిస్టన్ బదులు ఈ తూకపు గుండ్లు వేలాడదీశాను. ఎలా తిప్పి వదిలినా క్రాంకు అక్కడే ఆగాలి. వదిలాను. చూశావా, దొర్లింది! ఇంకా బరువుంది. బిట్టియ్యి.”

“ఎక్కువ తీసేస్తే?”

“తియ్యను.”

“తీసేస్తే అంటున్నాను. మళ్ళీ అతుకుతుందా?”

“అతకదు. పాత ఇనుం కొట్లో వేసుకోవడమే. ఇన్నేళ్ళలో నా చేతిలో ఒక్కటైనా అలా పోయిందా?”

“పోలేదండి. అందుకే…”

“అందుకే ఏంటి? ఓహో, మీ తమ్ముడు నేర్పాడా? షెడ్డు మూసేసి నన్ను వాడి కొట్లో కుర్చీ ఎక్కించాలని!”

“మధ్యలో మా తాతాజీ ఏం చేశాడు?”

“రాజమండ్రిలో ఇవన్నీ కంప్యూటర్ మీద చేస్తున్నారు, బావ చేతిపనికి రోజులు పోయాయన్నది వాడే కదా? చెప్పు వాడికి. ఈ చేతులున్నంతకాలం షట్టరు దించను. నువ్వు బిట్టివ్వకపోతే పక్క షెడ్డులో అడుక్కొస్తాను.”

“ఆగండి. ఇంకొక్కసారి వదలండి.”

“ఇదిగో. మళ్ళీ దొర్లింది, చాలా?”

“ఇందాక ఇటు దొర్లింది. ఇప్పుడు అటు.”

“అయితే?”

“బరువు ఒకవైపే ఉంటే ఒకవైపే దొర్లాలి కదండీ?”

“పట్టాల మీద దుమ్ముందేమో.”

“తుడిచాను.”

“గాలి.”

“ఫ్యాను ఆపేశాను.”

“ఇంతకీ ఏంటంటావు?”

“కాఫీ తొణుకుతోందని సగం గ్లాసే పొయ్యమంటున్నారు ఈమధ్య.”

“కాఫీకీ క్రాంకుకీ ఏంటి సంబంధం?”

“చొక్కా గుండీలు నన్నే పెట్టమంటున్నారు.”

“నోర్ముయ్.”

“మూస్తాను. కాస్త జరగండి, నేను వదులుతాను.”

“నువ్వా! దోసెల పెనం అనుకున్నావా?”

“వదిలాను.”

“ఇంకోవైపు తిప్పి వదులు.”

“తిప్పి ఇటు పెట్టాను. వదిలాను. తలకిందులు చేశాను. వదిలాను. కదిలిందా?”

“ఇంకోసారి.”

“చూడండి. కదిలిందా?”

“లేదు.”

“మీరు టీకెళ్ళినప్పుడు నేను వదిలి చూశాను, అప్పుడూ కదల్లేదు. అప్పుడే బిట్టు తీసి క్యారేజీ అడుగు గిన్నెలో పడేశాను. మీరు పెట్టిన కన్నం సరిగ్గా సరిపోయిందండి. ఇంకోటి పెడితే పోయేది.”

“తాతాజీకి చెప్పావా?”

“వాడికెందుకు చెబుతాను? తెలిస్తే షట్టరు దించే దాకా ఊరుకుంటాడా?”

“ఊరుకోడు.”

“మరి?”

“కొంగు దోపుకో.”

“ఎందుకండీ?”

“ఆ మూల గోనెలో ఇంకో క్రాంకు ఉంది. కన్నం ఎక్కడ పెట్టాలో నేను చెబుతాను. వదిలేది నువ్వు.”