టాబ్లాయిడ్ అంటే మంచి మాటేనా?

"నీ మెసేజ్ మరీ టాబ్లాయిడ్‌లా ఉంది" అని మనస్విని పంపిన ఒక్క ముక్క పట్టుకుని, మాస్టర్స్ చదివే అమరేందర్ పొద్దుట్నుంచీ కొట్టుమిట్టాడుతున్నాడు. అది మెచ్చుకోలా, చీవాట్లా? తెలియకుండా జవాబెలా రాస్తాడు? రాయకపోతే ఆ అమ్మాయి మనసు ఎటు తిరిగిపోతుందో! వాళ్లుండే లండన్ శివారు హేస్‌లో ఇలాంటివి తెలిసినవాడంటే, తొమ్మిదేళ్లు పేపర్ల షాపులో పనిచేసిన గోవిందరాజులు అంకులే. స్టేషన్ పక్క చాయ్ కొట్లో భార్య వెంకటరమణమ్మతో కూర్చుని ఉంటే వెళ్లి పట్టుకున్నాడు.

"అంకుల్, టాబ్లాయిడ్ అంటే మంచి మాటేనా?"

"అసలది సైజు పేరురా అబ్బాయ్. పెద్ద పేపర్లో సగం."

సగం! అంటే పొట్టిగా, ముద్దుగా ఉందనేమో. అమరేందర్ గుండె కాస్త కుదుటపడింది.

"సైజు సగమే గానీ గోల రెట్టింపు. నా సంగతే విను. ఓ పొద్దున షాపు తెరుస్తుంటే నక్కొచ్చి శాండ్‌విచ్ పొట్లం కరుచుకుంది. పేపరు చుట్ట చుట్టి అదిలించా, పారిపోయింది. అంతే. అది చూసి ఓ విలేకరి నా పేరడిగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పేపర్ల పడ్డదా?"

"పడ్డమేంట్రా! మర్నాడు మొదటి పేజీ నిండా నేనే. నక్క కాస్తా తోడేలైంది. రెండోరోజుకి పన్నెండు తోడేళ్లు. నేను అబద్ధమాడను, పదకొండే, ఒకటి కుంటిది, దాన్ని లెక్కెయ్యకూడదు. మూడోరోజు సింహం! హెడ్డింగులో అక్షరానికో పేజీ, జనం రోడ్డుమీద పరుచుకుని నడుస్తూ చదువుకున్నారు. హీత్రూలో దిగాల్సిన విమానాలు పైనుంచి నా పేరు చదువుతూ చదువుతూ, చివరి అక్షరం కోసం బర్మింగ్‌హామ్ దాకా పోయాయి!"

"అబ్బ! మరి పెట్రోలు అంకుల్?"

"పెట్రోలెక్కడిది, ఆ ఊపుమీదే పోయాయి! లండన్లో సిరా నిండుకుని మిగతా పేపర్లన్నీ వారంపాటు తెల్లకాగితాలే అమ్ముకున్నాయి. జనం అవీ కొన్నారు, నా గురించేనేమోనని!"

వెంకటరమణమ్మ సమోసా తుంచుతూ అంది:

"అది నక్క కాదు నాయనా, పక్కింటి పిల్లి. పేపరు చుట్ట చూసినా అది కదల్లేదు, ఈయనే లోపలికి దూరి తలుపేసుకున్నారు. నేనొచ్చి దాన్ని ఎత్తుకెళ్లి వాళ్లింట్లో దింపా. విలేకరీ లేడు, విమానమూ లేదు. పిల్లి అంత కబుర్ని సింహమంత చేసి అమ్మే పేపర్నే ఇక్కడ టాబ్లాయిడ్ అంటారు. ఆ మాట నిన్నెవరైనా అన్నారంటే, మెచ్చుకుని మాత్రం కాదు."

అమరేందర్ మొహం వేడెక్కింది. పదిహేడు రాత్రులుగా కంటిమీద కునుకు లేదనీ, తన కన్నీళ్లకు థేమ్స్ పొంగిందనీ రాశాడు మరి. రాసి, తొమ్మిది గంటలు హాయిగా నిద్రపోయాడు కూడా.

ఫోన్ తీసి మనస్వినికి మెల్లగా మెసేజ్ కొట్టాడు: "పోయిన మంగళారం బస్సుల నీ పక్క సీటు ఖాళీగుండె. కూసుందామనుకున్న. భయమై నిలబడ్డ. గంతే."

అంకుల్ భుజంమీంచి తొంగిచూసి తెగ నొచ్చుకున్నాడు. "ఇంత చప్పగానా! కనీసం ఆ బస్సైనా తగలబెట్టరా!"

అమరేందర్ సెండ్ నొక్కేశాడు.