కొండ కింది మఠం అబ్బాయి

జపాన్‌లో ఓ కొండమీది షింటో దేవుడి గుడి మెట్లమీద ఆకులు ఊడుస్తున్న ముసలి పూజారికి, ఉన్న ఒక్క కూతురూ పెళ్ళి మాట చెప్పేసి, బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

"కింది బౌద్ధ మఠం పూజారిగారి అబ్బాయా? నువ్వటు వెళ్తే ఈ గుడికి దిక్కెవరే?"

"నేనెక్కడికీ వెళ్ళను నాన్నా. అతనే ఇల్లరికం వస్తానంటున్నాడు."

"మరి ఏడుపు మొహం దేనికి?"

"పొద్దున్నే బుద్ధుడి సూత్రాలు చదవనిదే అతనికి ముద్ద దిగదు. మన దేవుడికి కోపమొస్తుందేమోనని..."

ఆయన చీపురు ఆపాడు.

"పిచ్చిదానా! వెయ్యేళ్ళు మన దేవుడి ముందు కూడా ఆ సూత్రాలే చదివారు. మా తాతల కాలంలో సర్కారు గుడినీ మఠాన్నీ విడదీసింది గానీ, విడదీయమని దేవుడు అడిగాడా?"

"అయితే ఏం చెప్పమంటావు?"

"గొంతెత్తి చదవమను. మన దేవుడు అవి విని చాలా కాలమైంది."